యాంపు మీద నీళ్లు పెట్టకూడదు

ఎర్రలంక పెద్ద హాలు, సౌండు పుస్తకం
రాస్తున్నది: కొప్పిశెట్టి మంగతాయారు, పంపుల షెడ్డు

తలుపు పండక్కి 14 రోజులు

తలుపు పండక్కి, అంటే మనవాళ్లు ఇక్కడ మొదటి తలుపు బిగించిన రోజుకి, హాల్లో సౌండు చూసేవాళ్లు రోజూ ఈ పుస్తకం రాయాలట. రూలు కాబట్టి రాస్తున్నాను. ముందే ఒక మాట చెప్పాలి. నేను సౌండు మనిషిని కాను, పంపుల మెకానిక్‌ని. టంకం పెట్టడం వచ్చు కదా అని ఈ పని తెచ్చి నా నెత్తిన పెట్టారు. టంకం వచ్చినవాళ్లంతా సౌండు చేసేస్తే, గరిటె పట్టిన ప్రతివాళ్లూ పెళ్లి వంట చేసేయొచ్చు.

ఈరోజు స్టోర్లోంచి బేస్ గిటారు సరంజామా దింపాం. శబ్దం పెంచే యాంపు ఒకటి, నాలుగు స్పీకర్లున్న పెద్ద పెట్టె ఒకటి, రెండు వైర్లు. ఊరి నుంచి వచ్చిన ఆఖరి ఓడలో దిగిన సామాను ఇది. అప్పటికి నాకు పెళ్లి కూడా కాలేదు. ఊరంటే ఊరే, పై కిటికీలోంచి చూస్తే సాయంత్రం నీలంగా చుక్కలా కనిపించేది. మా అమ్మమ్మ భూమిని ఊరనేది, నేనూ అలాగే అంటాను.

పెట్టె విప్పి చూస్తే ఒక స్పీకరు కాగితం అరచేయంత చిరిగి ఉంది. నీళ్లు వడగట్టే కాగితం ముక్క కత్తిరించి, గంజి రాసి అతికించాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి. వడపోత కాగితానికి మించిన కాగితం ఈ గ్రహం మీద లేదు.

బేస్ వాయించేది దొరబాబు. వయసు యాభై తొమ్మిది. మూడో సొరంగం కూలిపోయేదాకా అందులో డ్రిల్లు పట్టిన మనిషి, ఇప్పుడు గేట్లకి గ్రీజు రాస్తున్నాడు. పదకొండేళ్లుగా ఒక్కటే పాట సాధన చేస్తున్నాడు. ఈ పండక్కి వాయిస్తానని మొదటిసారి తనే నోరు తెరిచి అడిగాడు. అడిగింది అదొక్కటే, ఆ తర్వాత మాట్లాడితే ఒట్టు. వచ్చాడు, గిటారు ఒళ్లో పెట్టుకున్నాడు, ఫ్లాస్కు మూతలో నీళ్లు పోసుకున్నాడు, ఆ మూత తీసుకెళ్లి యాంపు మీద పెట్టాడు.

"దొరబాబు గారూ, యాంపు మీద నీళ్లు పెట్టకూడదండీ," అన్నాను.

"ఆయ్," అని తీశాడు.

పది నిమిషాలకి మళ్లీ పెట్టాడు. మూత గుండ్రంగా, అంచు లేకుండా ఉంటుంది. ఎటు కదిలినా ఒలుకుతుంది. ఇక్కడ పుట్టిన ప్రతి మనిషికీ నామకరణం నాడు ఒక స్టీలు గ్లాసు ఇస్తారు, పక్కన పేరు కొట్టి, అడుగున నీళ్ల నంబరు కొట్టి. ఒక్కటే. జన్మంతా దాంతోనే తాగాలి. దాన్ని పోగొట్టుకున్న మనిషిని నేను ఇంతవరకూ ఈయన్నొక్కణ్నే చూశాను. ఎక్కడ పారేశారండీ అంటే, "ఎక్కడో ఉంటాదిలెండమ్మా," అంటాడు.

13 రోజులు

ప్రెసిడెంటు కాశీపతి గారు వచ్చారు. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని చెప్పారు.

"చూడండి మంగతాయారు గారూ. పండక్కి రెండ్రోజుల ముందు పంచాయతీ వచ్చి వింటాది. శుభ్రంగా పలికితే సరేసరి. లేదంటే పెట్టె విప్పి అందులో అయస్కాంతాలు పంపులకిచ్చేద్దాం. పోయినేడు మీరే కదా అర్జీ పెట్టేరు?"

నేనే పెట్టాను. నాలుగు అయస్కాంతాలుంటే రెండు పంపు మోటార్లు మళ్లీ తిరుగుతాయి. అంటే ఈ పెట్టె బాగైతే నాకు నష్టం, పాడైతే నాకు లాభం. అలాంటి పెట్టెని బాగుచేయమని నాకే అప్పజెప్పారు. పిల్లికి చేపల బుట్ట కాపలా పెట్టినా ఇంతకంటే నయం.

దొరబాబు ఈ మాటలన్నీ విన్నాడు. తీగలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. పెట్టె పోతే ఇంకో పెట్టె వచ్చే దారి లేదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

12 రోజులు

యాంపు పెట్టగానే ఒకటే మూలుగు. గిటారు ముట్టుకోకపోయినా కూ అని మూలుగుతూనే ఉంది. గిటారు తీశాను, మూలుగు. వైరు మార్చాను, మూలుగు. ఎవరో పంపుల లైన్లోంచి హాలు ప్లగ్గుకి కరెంటు లాగారని, పంపు తిరిగినప్పుడల్లా దాని ఏడుపంతా యాంపులోకి వస్తోందని గంటన్నరకి తేలింది. ఏ తలకాయ లేని మనిషి ఇలా కలిపాడా అని తిట్టుకుంటూ గోడ పలక విప్పాను. లోపల పచ్చ టేపు, మూడు చుట్లు, చివర మడత. అది నా చేతి పని. ఆరేళ్ల కిందట నేనే కలిపాను.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను కాబట్టి ఇక అందరికీ తెలుస్తుంది. వేరే లైను లాగాను. మూలుగు పోయింది.

11 రోజులు

ఈరోజు మొదటిసారి వాయించాడు. యాంపు పక్కన నిలబడితే గుండెల మీద గుద్దినట్టుంది, పది అడుగులు వెనక్కి వెళ్తే ఏమీ లేదు. ఊరి నుంచి వచ్చిన పుస్తకంలో రాసినట్టే మీటలన్నీ తిప్పాను. ఆ పుస్తకం రాసినాయన చుట్టూ చిక్కటి గాలి పెట్టుకుని రాశాడు. ఇక్కడ గాలి పలచన. కుక్కర్ లేకుండా అన్నమే ఉడకదు, ఇంక లావు తీగ శబ్దం హాలు చివరికి ఎలా పోతుంది?

దొరబాబు బేస్ మీట చివరిదాకా తిప్పేశాడు. స్పీకరు కాగితాలు కోడిపిల్ల రెక్కల్లా కొట్టుకున్నాయి. నా వడపోత కాగితం గుండె ఆగినంత పనైంది. చెయ్యి పట్టుకుని మీట వెనక్కి తిప్పాను.

"బేస్ వినపడాలంటే బేస్ పెంచడం కాదండీ, మధ్య మీట పెంచాలి. అప్పుడు తీగ మీద వేలు పడ్డది కూడా తెలుస్తుంది."

"ఆయ్. మరి కిందకి రావాలి కదండి, పాదాల్లోకి."

ఆ మాట నిజమే. బల్ల మీదున్న పెట్టెని కిందకి దింపి, రాతి నేలకి ఆనించి, ఈశాన్యం మూలకి నెట్టాను. రెండు గోడలూ నేలా కలిసి శబ్దాన్ని పట్టుకుని తోశాయి. గాలి మోయలేని బరువు రాయి మోసింది. హాలు ఆ చివర నిలబడితే చెప్పుల్లోంచి తెలుస్తోంది. నాకు నేనే శభాష్ అనుకున్నాను. అప్పుడు గిటారు మెడ మీద, లావు తీగ ఐదో మెట్టు దగ్గర వేలు పెట్టి వాయించాడు. ఎక్కడో జుయ్యిమంది.

9 రోజులు

నిన్న రాయలేదు. రాయడానికి ఓపిక లేదు.

ఆ జుయ్యి ఒక్క స్వరానికే వస్తుంది. నాలుగో మెట్టుకి రాదు, ఆరో మెట్టుకి రాదు, ఐదో మెట్టుకే వస్తుంది. పెట్టె మరలన్నీ బిగించాను. దీపాల మూతలకి గుడ్డ కుక్కాను. తలుపు సందుల్లో రబ్బరు పెట్టాను. నా పట్టీలు, దొరబాబు బెల్టు తీసేశాం. జుయ్యి పోలేదు.

మధ్యలో కాశీపతి గారు వచ్చి కూర్చుంటే ఆయన వైపు నుంచే వస్తున్నట్టు అనిపించింది. ఆయనకి కట్టుడు పళ్లు. కాస్త తీస్తారా అని అడిగాను. తీశారు, గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నారు. జుయ్యి ఆగలేదు. పళ్లు తీసినప్పటి నుంచీ ఆయన నాతో మాట్లాడటం లేదు. అదొక్కటే ఈ రెండు రోజుల్లో కలిసొచ్చింది.

దొరబాబు మూత ఈరోజు యాంపు మీద మూడుసార్లు కనిపించింది. ఒకసారి ఒలికింది కూడా.

8 రోజులు

దొరికింది. దొరక్కపోయినా బాగుండేది.

పెట్టె పెట్టిన మూలకి ఎడం పక్కనున్నది గ్లాసుల గోడ. మనిషి పోతే వాళ్ల గ్లాసు తీగతో కట్టి ఆ గోడకి మేకు కొట్టి తగిలిస్తారు. మనకి బూడిద చల్లుకోవడానికి నది లేదు కాబట్టి గోడే దిక్కు. అరవై నాలుగు గ్లాసులున్నాయి. దొరబాబుని ఐదో మెట్టు మీదే వాయించమని చెప్పి, ఒక్కో గ్లాసు దగ్గరా చెవి పెట్టుకుంటూ వెళ్లాను. అరవై మూడు నోరు మూసుకుని ఉన్నాయి. మూడో వరస చివరి గ్లాసు ఒక్కటే మేకుకి కొట్టుకుంటూ కందిరీగలా అరుస్తోంది. దాని మీద పేరు 'బుల్లెబ్బాయి'.

బుల్లెబ్బాయి దొరబాబు జోడీ. ఇద్దరూ ఒకే డ్రిల్లు మీద పనిచేసేవాళ్లు. మూడో సొరంగం కూలినప్పుడు బుల్లెబ్బాయి లోపలే ఉండిపోయాడు, దొరబాబు బయటపడ్డాడు. రెండుసార్లు మళ్లీ లోపలికి వెళ్లాడు. బుల్లెబ్బాయి దొరకలేదు. ఆ తర్వాత సొరంగం తలుపు మూసేశారు.

గోడ మీది గ్లాసుని ఆ ఇంటివాళ్లు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. ఏటా పోయిన రోజున వాళ్లే వచ్చి దించి, కడిగి, అందులో ఒక గుక్క తాగి, కొత్త తీగతో బిగించి కడతారు. అందుకే మిగతావి బిగువుగా ఉన్నాయి. దీని తీగ పదకొండేళ్లుగా ఎవరూ మార్చలేదు. ఉండాల్సిన మనిషి ఉంది, బుల్లెబ్బాయి భార్య నూకరత్నం. ఆవిడ ఒక్క ఏడు కూడా రాలేదు.

"ఆ ఒక్క స్వరం వదిలేసి వాయించండి బాబూ, మీకు పుణ్యం ఉంటుంది," అన్నాను దొరబాబుతో.

"అది వదిలేత్తే ఇంక పాటేటుందండి?"

"ఏముందండీ అంత అందులో?"

అదే తీగని వేలితో నిమిరాడు. "డ్రిల్లుకి మంచి రాయి తగిలితే ఆ కూతే వచ్చేదండి. మావోడు దాన్ని పట్టుకుని పాడేవోడు. పాట ఆడిదేనండి. నేను వాయిత్తానంతే."

మామూలుగా ఈ మనిషి నెల రోజుల్లో మాట్లాడే మాటలన్నీ అవి. దాంతో నాకు కోపం తెచ్చుకునే వీలు కూడా లేకుండా పోయింది.

7 రోజులు

కాశీపతి గారికి ఎలాగో తెలిసిపోయింది. పెద్దవాళ్లు అప్పుడే గుసగుసలు మొదలెట్టారు. పోయినవాడి గ్లాసు అరుస్తోందని, అపశకునమని. "పంచాయతీ విన్నరోజున ఆ గ్లాసు పలికిందా, పెట్టె విప్పేయడమే," అన్నారు కాశీపతి గారు. ఈసారి పళ్లు పెట్టుకునే వచ్చారు.

పెట్టె అటూ ఇటూ జరిపి చూశాను. మూలనుంచి కదిపితే గ్లాసు ఊరుకుంటుంది, కానీ హాలు చివర పాదాలకి ఏమీ తెలియదు. మళ్లీ మూలకే నెట్టాను. నడుం పట్టేసింది.

ఒక తప్పు ఒప్పుకోవాలి. హాల్లో ఎవరూ లేనప్పుడు, చీపురు పుల్ల చివర గుడ్డ చుట్టి ఆ గ్లాసు వెనక దూర్చబోయాను. దగ్గరదాకా వెళ్లింది. చెయ్యి ముందుకి రాలేదు. మా అమ్మ గ్లాసు కూడా రెండో వరసలో ఉంది.

6 రోజులు

నూకరత్నం దగ్గరికి వెళ్లాను. నారు గదిలో అరల మధ్య కూర్చుని వరి నారు విడదీస్తోంది. నాకంటే పదేళ్లు పెద్దది. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి. విషయం చెప్పాను. తీగ బిగించి వెళ్లిపో రత్నక్కా, ఒక్క నిమిషం పని, అన్నాను.

"నేను రాను," అంది, తలెత్తకుండా.

"దొరబాబు మీద కోపమైతే ఆయన్ని బయటికి పంపేస్తాను. ఆయన లేనప్పుడే రా."

అప్పుడు తలెత్తింది. "ఆ గ్లాసు ఎవరు తెచ్చేరు తాయారూ?"

"దొరబాబే కదా. లోపల దొరికిందని తెచ్చి తగిలించాడు."

"డూటీకెళ్లేటప్పుడు ఆ గ్లాసు ఆయన నడుంకి తాడేసి కట్టేదాన్ని నేను. రెండు ముళ్లు ఏసేదాన్ని. అది ఊడిపడేది కాదు. దొరబాబు దాన్ని ఇప్పేడంటే ఆయన పక్కన కూచునే ఇప్పుండాలి." చేతిలో నారు మొక్క నలిగిపోయింది. "గ్లాసు దొరికినోడికి మడిసి దొరకలేదా? ఊపిరుందో లేదో ముక్కు దగ్గిర చెయ్యెట్టి సూసేడా? గ్లాసు మోసుకొచ్చినోడు ఆయన్ని మోసుకురాలేపోయేడా?"

పదకొండేళ్లుగా దొరబాబు బయటపడ్డాడనే ఆవిడకి కోపమని అనుకున్నాను. లంకంతా అలాగే అనుకుంది. ఆవిడ మళ్లీ నారు తీసుకుంది. నేను వచ్చేశాను. దారిలో నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపుతోనే రెండో నంబరు పంపు వాల్వు మార్చాను.

5 రోజులు

గ్లాసుని ముట్టుకోకూడదన్నారు గాని చూడకూడదని ఎవరూ అనలేదు. తీగ ఎక్కడ వదులైందో చూద్దామని పంపుల కింద పెట్టి చూసే అద్దం, టార్చీ తెచ్చుకున్నాను. నిచ్చెన ఎక్కి అద్దాన్ని గ్లాసు కిందకి పోనిచ్చాను.

అడుగున నంబరు కనిపించింది. 118.

అద్దంలో 811 అని తిరగబడి కనిపిస్తుంది కదా, తిప్పి మళ్లీ చదివాను. ఎన్నిసార్లు చదివినా 118. పక్కకి తిప్పి చూస్తే పేరున్న చోట స్టీలు అరిగి ఉంది. ఏదో పాత పేరు ఆకురాయితో గీకేసి, దాని మీద మేకుతో చుక్కలు చుక్కలుగా 'బుల్లెబ్బాయి' అని కొట్టారు. 'బు' వంకర పోయింది.

ఈ లంకలో నీళ్లు పోసేది నేను. రోజూ పొద్దున్నే కుళాయి దగ్గర నంబరు చూసి టిక్కు పెడతాను. 118కి ఈరోజు పొద్దున్న కూడా పెట్టాను, ఫ్లాస్కు మూతలో పోసి.

నిచ్చెన దిగి సరాసరి గేట్ల దగ్గరికి వెళ్లాను. దొరబాబు గ్రీజు చేతులతో నిలబడ్డాడు.

"అది మీ గ్లాసు."

ఆయన చుట్టూ చూశాడు, ఎవరన్నా విన్నారా అని. "గ్లాసు లేందే మేకు లేదన్నారండి పంచాయతీలో. మడిసీ లోపలే, గ్లాసూ లోపలే. మరాడికి గోడ మీద చోటు లేపోతే ఎలాగండి?"

"మరి రత్నక్కకి చెప్పొద్దా?"

"సెప్తే తీసేత్తారు కదండి."

"పదకొండేళ్లు మూతలో తాగారా?"

"అలవాటైపోయిందండి."

ఈ మనిషి మంచితనాన్ని ఏం చేసుకోవాలో నాకు అర్థం కాలేదు. నిజం చెప్తున్నాను, ఆ మూత పెట్టి నెత్తిన ఒకటి వేయాలనిపించింది. "ఆవిడ ఏమనుకుంటోందో తెలుసా మీకు?"

"బతికొచ్చేను కదండి. కోపం ఉంటాది."

"అది కాదు." నారు గదిలో విన్నదంతా చెప్పాను. నడుం, తాడు, రెండు ముళ్లు, అన్నీ.

ఆయన గేటు పట్టుకుని కింద కూర్చున్నాడు. "అలాగనుకుంటందా?" అన్నాడు. మళ్లీ, "ఇన్నేళ్లూ అలాగనుకుంటందా?" అన్నాడు. గ్రీజు చేత్తోనే మొహం తుడుచుకున్నాడు. ఆడు కనపడనే లేదమ్మా, రాయి తప్ప ఏం కనపడలేదమ్మా అని ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు.

నేను వచ్చేసేటప్పుడు మాత్రం, "సెప్పకండమ్మా. ఆడి పేరు తీసేత్తారు," అన్నాడు.

4 రోజులు

ఈరోజు సాధనకి దొరబాబు రాలేదు. ఖాళీ హాల్లో పెట్టె ఎదురుగా కూర్చున్నాను. నేను నోరు మూసుకుంటే రెండు రోజుల్లో నాలుగు అయస్కాంతాలు నా షెడ్డుకి వస్తాయి, బుల్లెబ్బాయి పేరు గోడ మీద ఉంటుంది, ఎవరికీ ఏ గొడవా ఉండదు. దొరబాబుకి పాట ఉండదు. రత్నక్క చచ్చేదాకా ఆ మాటే నమ్ముతూ నారు పీక్కుంటుంది.

చెప్పకండమ్మా అని ఆయన అన్నాడు. సరేనని నేను అనలేదు. అద్దం తీసుకుని నారు గదికి వెళ్లాను.

అంతా చెప్పాను. ఆవిడ అద్దం నా చేతిలోంచి తీసుకుంది. తిరిగి ఇవ్వలేదు. అది షెడ్డు అద్దం. ఇప్పుడు పంపుల కిందకి నేను ఏం పెట్టి చూడాలి?

2 రోజులు

పంచాయతీ వచ్చింది. కాశీపతి గారు, ఇంకో నలుగురు. దొరబాబు వచ్చాడు గాని మొహం పీక్కుపోయింది. గిటారు తగిలించుకుని, మూత తీసుకెళ్లి యాంపు మీద పెట్టాడు. ఈరోజు కూడా! తీసి కింద పెట్టాను.

"కానివ్వండి," అన్నారు కాశీపతి గారు.

అప్పుడు తలుపు దగ్గర నూకరత్నం కనిపించింది. ఎవరినీ చూడకుండా నా నిచ్చెన దగ్గరికి నడిచింది. ఎక్కింది. అద్దం గ్లాసు కిందకి పెట్టి చూసింది. నేను పెట్టినంతసేపు కాదు, చాలాసేపు చూసింది. తర్వాత అద్దం కొంగులో దోపుకుని, తీగ విప్పి, గ్లాసు చేతిలోకి తీసుకుంది. అరిగిన చోట బొటనవేలు పెట్టి రుద్దింది.

దిగి హాల్లో ఉన్న నా కుళాయి దగ్గరికి వచ్చింది. గ్లాసు రెండుసార్లు కడిగింది. "నూట పద్దెనిమిదికి ఈరోజు నీళ్లిచ్చేసేవా?"

"ఇచ్చేశాను అక్కా."

"అయితే నా వంతులోంచి పట్టు."

పట్టాను. నిండా పట్టాను, అంచుదాకా. ఆవిడ దాన్ని పట్టుకుని దొరబాబు ముందుకి వెళ్లింది. ఆయన లేవబోయాడు, గిటారు అడ్డమొచ్చింది.

"తాగు," అంది.

"రత్నమ్మా..."

"ముందు తాగు."

రెండు చేతులతో పట్టుకుని తాగాడు. సగం గడ్డం మీద ఒలికింది. స్టీలు గ్లాసు అంచుని పెదవి మర్చిపోయినట్టుంది. ఆవిడ అక్కడే నిలబడి, ఖాళీ అయ్యేదాకా చూసింది.

"ఆయన గ్లాసు ఆయన దగ్గరే ఉందన్నమాట," అంది.

"ఉందమ్మా. ముళ్లు నువ్వేసినవే కదా. ఊడవు."

అప్పుడు ఏడ్చింది. పదకొండేళ్లలో ఆవిడ ఏడవడం ఎవరూ చూడలేదని తర్వాత అందరూ అనుకున్నారు. నాకు అవన్నీ గమనించే తీరిక లేదు, నా కళ్లే సరిగా కనబడటం లేదు.

కాశీపతి గారు గొంతు సవరించుకున్నారు. "అంటే, మరి గ్లాసు లేనిదే మేకు..."

"మేకు మీ జోలికి రాలేదు కదండీ," అన్నాను. "ఖాళీ మేకు పీకేయాలని ఏ రూల్లో ఉందో చూపించండి. చూపించేదాకా దాన్ని ఎవరన్నా ముట్టుకుంటే రేపటి నుంచి నీళ్లు ఎలా వస్తాయో నేనూ చూస్తాను."

"బెదిరిత్తున్నారా?"

"అవునండీ."

"మేకు అలాగే ఉండనియ్యండి," అంది నూకరత్నం. "ఆయన ఎక్కడున్నాడో లంకలో అందరికీ తెలుసు. గ్లాసు తాగేవోడి దగ్గరుంటాది. పేరు గీకేయొద్దు దొరబాబూ. ఆయన పేరుతోనే తాగు."

కాశీపతి గారు మిగతా నలుగురి మొహాలు చూశారు. నలుగురూ మేకు వైపు చూస్తున్నారు. "సరే, వాయించండి, విందాం," అన్నారు.

దొరబాబు లావు తీగ ఐదో మెట్టు మీద వేలు పెట్టి వాయించాడు. హాలంతా నేలలోంచి లేచింది. ఏదీ జుయ్యిమనలేదు. నేను అరవై మూడు గ్లాసుల వైపూ చూశాను. అన్నీ గోడకి అంటుకుని ఊరుకున్నాయి.

పెట్టె పాసైంది. నాలుగు అయస్కాంతాలు పోయాయి. వాటి కోసం నేను ఏడాది నుంచి అర్జీలు రాస్తున్నాను.

తలుపు పండగ

పొద్దుటి నుంచీ పని. వైర్లు కాళ్లకి తగలకుండా నేలకి అతికించాను. పాడేవాళ్ల గొంతు మీద బేస్ ఎక్కకుండా యాంపు కాస్త తగ్గించాను. వెంటనే డప్పు వాయించే ఆయన వచ్చి నాకు బేస్ వినపడటం లేదన్నాడు. పెంచితే పాడేవాళ్లు వచ్చారు. ఇద్దరినీ బయటికి పంపి నాకు తోచినట్టు పెట్టాను.

హాలు నిండింది. చాలామంది చెప్పులు విప్పి, రాతి మీద పాదాలు ఆనించి కూర్చున్నారు. నూకరత్నం ముందు వరసలో కూర్చుంది. షెడ్డు అద్దం ఇంకా ఆవిడ దగ్గరే ఉంది.

దొరబాబు పాట మూడోది. మాటలు లేని పాట. ఒకే స్వరం చుట్టూ తిరిగి తిరిగి మళ్లీ ఐదో మెట్టు మీదకి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ నేల కింద ఎక్కడో డ్రిల్లు నడుస్తున్నట్టు ఉంటుంది. మూడో సొరంగంలో పనిచేసిన ముసలివాళ్లు ఒక్కొక్కరే అరచేతులు తీసి నేల మీద పెట్టారు. వాళ్లకి ఎవరూ చెప్పలేదు. నూకరత్నం పెదవులు కదులుతున్నాయి. ఆ పాటకి మాటలున్నాయని, అవి ఆవిడకి తెలుసని నాకు అప్పుడు అర్థమైంది.

పాట అయ్యాక దొరబాబు చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. నూకరత్నం లేచి, 118 గ్లాసు నిండా నీళ్లు పట్టుకొచ్చి, ఆయన చేతికి అందేలా తీసుకెళ్లి సరిగ్గా యాంపు మీద పెట్టింది.

నేను లేచాను. నోరు తెరిచాను. పధ్నాలుగు రోజులుగా అరిచి అరిచి అరిగిపోయిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. నాలుగో పాట మొదలైంది. గ్లాసులో నీళ్లు గుండ్రంగా వణుకుతున్నాయి, గ్లాసు మెల్లగా అంచు వైపు జరుగుతోంది. వెళ్లి, జేబులోంచి పంపు రబ్బరు వాషరు తీసి గ్లాసు కింద పెట్టి, వచ్చి కూర్చున్నాను.

వచ్చే ఏడు ఈ పుస్తకం రాసేవాళ్లకి: పెట్టె ఈశాన్యం మూలనే ఉంచండి. ప్లగ్గు పంపుల లైనుకి కలపకండి. మూడో వరస చివరి మేకు ఖాళీగానే ఉంటుంది, పీకకండి. యాంపు మీద నీళ్లు పెట్టకూడదు. 118 తప్ప.